కమీషన్ మీద విరాళాలు సేకరిస్తామనే కన్సల్టెంటును పెట్టుకోవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో మీ సొసైటీ దాదాపు అరవై ఏళ్లుగా హైస్కూలును, జూనియర్ కళాశాలను నడుపుతోంది. రెండేళ్లలో రానున్న వజ్రోత్సవం నాటికి ఆడపిల్లల హాస్టలు, సైన్సు ప్రయోగశాలలు కట్టాలని కార్యవర్గం తీర్మానించింది. అందుకు 2 కోట్ల రూపాయలు కావాలి. ఒక కన్సల్టెంటు ముందుగా పైసా ఇవ్వనక్కర్లేదని, వసూలైన మొత్తంలో 12 శాతం ఇస్తే చాలని అంటున్నారు. ఇంకొకరు ఎంత వసూలైనా కాకపోయినా నిర్ణీత రుసుము ఇవ్వాలంటున్నారు. సెక్రటరీ కరస్పాండెంటుగా మీకు మొదటి ప్రతిపాదనే క్షేమమనిపిస్తోంది. విద్యాసంస్థలకు, స్వచ్ఛంద సంస్థలకు నిధుల సేకరణలో సలహాలివ్వడమే చాలాకాలంగా నా వృత్తి కాబట్టి కొంత వివరంగానే సమాధానం రాస్తున్నాను.

మొదటి ప్రతిపాదనను దయచేసి అంగీకరించకండి. 2 కోట్లలో 12 శాతం అంటే 24 లక్షలు. మీ పూర్వ విద్యార్థి ఒకరు హాస్టలు గది కోసమని 10 లక్షలు ఇస్తే అందులో లక్షా ఇరవై వేలు మధ్యవర్తికి పోయిందని ఏదో ఒకనాడు ఆయనకు తెలుస్తుంది. ఆ తరువాత ఆయన మీకు మళ్లీ ఇవ్వరు, తన బ్యాచ్‌లో మరొకరిని ఇవ్వనివ్వరు. పైగా ఆ 10 లక్షలు కన్సల్టెంటు ముఖం చూసి వచ్చినవి కావు; నలభై ఏళ్ల క్రితం మీ లెక్కల మాస్టారు ఆయనకు చెప్పిన పాఠం వల్ల వచ్చినవి. ఆ రుణానుబంధం మీద కమీషన్ తీసుకునే హక్కు బయటివారికి లేదు. ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. శాతం లెక్కన పనిచేసే మనిషికి ఈ నెలలో చేతికందే లక్ష రూపాయలు ముఖ్యమవుతాయి. ఏడాదిన్నర పాటు పదిసార్లు కలిసి, సంస్థను చూపించి, సందేహాలు తీర్చి అడిగితే వచ్చే పాతిక లక్షల కోసం ఆగే ఓపిక ఉండదు. పెద్దగా ఇవ్వగలిగిన దాతను తొందరపెట్టి చిన్న మొత్తంతో సరిపెట్టుకోవడం, తీరా ఇచ్చాక ఇక ఆయన మొహం చూడకపోవడం కమీషన్ పద్ధతిలో తరచూ జరిగే నష్టం. ఈ వృత్తిలో ఉన్నవారి అంతర్జాతీయ సంఘమైన అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ తన నైతిక నియమావళిలో శాతం లెక్కన పారితోషికం తీసుకోవడాన్ని నిషేధించింది. మీకు ప్రతిపాదన ఇచ్చినవారు ఆ సంఘంలో సభ్యులు అయినా కాకపోయినా, ఆ నిషేధం వెనక ఉన్న కారణం మీకూ వర్తిస్తుంది.

అయితే కన్సల్టెంటు దేనికి పనికివస్తారన్నది అసలు ప్రశ్న. దాతలను తెచ్చిపెట్టడం ఆయన పని కాదు. "నా దగ్గర పెద్ద పెద్ద దాతల జాబితా ఉంది" అని ఎవరైనా అంటే ఆ ఒక్క మాటతోనే వారిని పక్కన పెట్టండి. ఎందుకంటే ఆ జాబితా మరొక సంస్థ నమ్మి అప్పగించినదై ఉంటుంది, రేపు మీ జాబితా కూడా అలాగే ఇంకొకరి చేతికి వెళుతుంది. మీకు ఇవ్వగలవారు మీ హాజరు పట్టీలలోనే ఉన్నారు. వారిలో ఎవరిని, ఎవరు, ఎప్పుడు, ఎంత అడగాలో తేల్చడం, అడగడానికి జంకే కార్యవర్గ సభ్యులకు అలవాటు చేయించడం, మీరు మొహమాటపడి దాటవేసే ప్రశ్నలను మీ ముందు పెట్టడం కన్సల్టెంటు చేయగల పనులు. దాత ఎదుట కూర్చుని అడగవలసింది మాత్రం మీరే.

ఇప్పుడు మీ లెక్క గురించి. మీ దగ్గర నాలుగు వేల మంది పూర్వ విద్యార్థుల చిరునామాలున్నాయని, తలా 5,000 రూపాయలు ఇస్తే 2 కోట్లు పూర్తవుతాయని రాశారు. ప్రతి కార్యవర్గమూ మొదట వేసే లెక్క ఇదే, దాదాపు ఎప్పుడూ తప్పే లెక్క కూడా ఇదే. అడిగినవారందరూ ఇవ్వరన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, అందరినీ 5,000 అడిగినప్పుడు 20 లక్షలు ఇవ్వగలిగినవారు కూడా 5,000 ఇచ్చి తమ బాధ్యత తీరిందనుకుంటారు. మీరే ఆయన స్థాయిని 5,000కు నిర్ణయించారు కాబట్టి ఆయనను తప్పుపట్టలేరు. అనుభవంలో పనిచేసే లెక్క వేరుగా ఉంటుంది: 40 లక్షల విరాళం ఒకటి, 20 లక్షలవి రెండు, 10 లక్షలవి నాలుగు, 5 లక్షలవి ఎనిమిది వస్తే 1 కోటి 60 లక్షలు అవుతుంది. ఆ తరువాత లక్ష రూపాయల వంతున ఇరవై మంది, మిగిలిన 20 లక్షలకు చిన్న విరాళాలు. అంటే మొదటి పదిహేను మంది మీ లక్ష్యంలో ఐదింట నాలుగు వంతులు నింపుతారు. ఒక్కొక్క పెద్ద విరాళానికి ముగ్గురు నలుగురిని గుర్తిస్తే తప్ప ఒకరు ఒప్పుకోరు కనుక, మీకిప్పుడు అవసరమైనది నాలుగు వేల పేర్ల జాబితా కాదు, నలభై అయిదు నుంచి అరవై పేర్ల జాబితా. కార్యవర్గం, పాత ఉపాధ్యాయులు, ఒక్కొక్క బ్యాచ్ నుంచి ఇద్దరేసి కలిసి రెండు మూడు సాయంత్రాలు కూర్చుంటే అది తయారవుతుంది. అరవై ఏళ్లు నడిచిన సంస్థకు ఆ అరవై పేర్లు కూడా దొరకకపోతే లక్ష్యాన్నే మార్చుకోవాలి.

చిన్న విరాళాలను తక్కువచేసి చెప్పడం లేదు. 2,000 రూపాయలు ఇచ్చే వెయ్యి మంది లేకుండా ఏ విద్యాసంస్థా పదికాలాలు నిలబడదు. నేడు 2,000 రూపాయలు ఇచ్చేవారిలోనే ఇరవై ఏళ్ల తరువాతి పెద్ద దాత ఉంటారు. కానీ వారిని అడిగే సమయం చివర్లో వస్తుంది. లక్ష్యంలో కనీసం సగం, వీలైతే అరవై శాతం వాగ్దానాలు చేతిలో పడేవరకు బహిరంగ ప్రకటన చేయకపోవడం ఈ వృత్తిలో పాతుకుపోయిన పద్ధతి. వజ్రోత్సవ సభలో వేదిక మీద "మాకు 2 కోట్లు కావాలి, ఇంతవరకు 3 లక్షలు వచ్చాయి" అని ప్రకటిస్తే సభికులు సానుభూతితో చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. "1 కోటి 30 లక్షలు సమకూరాయి, పునాది పని మొదలైంది" అని ప్రకటించినప్పుడు, అందులో తమ పేరు లేకుండా పోతుందేమోనని లేచి వచ్చేవారుంటారు. ఇల్లు కట్టేటప్పుడు ముందు పునాది, స్తంభాలు లేచిన తరువాతే సున్నం వేసినట్టుగా ఈ వరుసను పాటించాలి.

రెండో కన్సల్టెంటు మొదటి దశగా అధ్యయనం చేస్తామన్నారని, అది వృథా ఖర్చనిపిస్తోందని రాశారు. నా అభిప్రాయంలో బయటివారికి డబ్బిచ్చి చేయించుకోదగిన పని అదొక్కటే అయినా చేయించుకోవాలి. ఆయన మీ జాబితాలోని పాతిక ముప్పై మందిని విడివిడిగా కలుస్తారు. విరాళం అడగరు. సంస్థ గురించి ఏమనుకుంటున్నారు, హాస్టలు అవసరమని నమ్ముతున్నారా, 2 కోట్లు సాధ్యమేనా, ఎవరు ముందుకొస్తే తాము కూడా వస్తారు అని అడిగి, వారి పేర్లు చెప్పకుండా సారాంశాన్ని మీకు ఇస్తారు. ఇది మీరే చేయకూడదా అంటే, చేయలేరు. "కార్యవర్గంలో ఇరవై ఏళ్లుగా అవే పేర్లున్నాయి", "గతంలో గ్రంథాలయానికని ఇచ్చిన సొమ్ము లెక్క ఎవరూ చెప్పలేదు", "కరస్పాండెంటు గారి తరువాత సంస్థ ఎవరి చేతికి వెళుతుంది" వంటి మాటలు మన ఊళ్లలో మర్యాదస్థులెవరూ కరస్పాండెంటు గారి ముఖాన చెప్పరు. కాఫీ ఇచ్చి, "చూద్దాంలెండి" అని పంపిస్తారు. ఆ "చూద్దాం" వెనక ఉన్న అసలు కారణాన్ని బయటి మనిషి మాత్రమే తెలుసుకోగలరు. నేను పనిచేసిన ఒక కళాశాలలో దాతల సంకోచమంతా ఒకే విషయం మీద ఉందని అలా బయటపడింది: భవనాలున్న స్థలం సంస్థ పేరిట కాక వ్యవస్థాపకుల కుటుంబం పేరిట ఉండిపోయింది. కుటుంబం పెద్దమనసుతో స్థలాన్ని సొసైటీకి రిజిస్టర్ చేసిన తరువాత, అంతకుముందు మాట దాటవేసినవారే ఇచ్చారు. మీ అధ్యయనం చివరలో "2 కోట్లు కాదు, ఇప్పటికి 1 కోటి 20 లక్షలతో హాస్టలు ఒక్కటే మొదలుపెట్టండి" అన్న సలహా వస్తే దానిని ఓటమిగా భావించకండి.

ఆ అధ్యయనం కన్నా ముందు మీ చేతిలోనే ఉన్న పని ఒకటుంది. కార్యవర్గ సభ్యులందరూ తమ శక్తిమేరకు ఇవ్వాలి, ఆ సంగతి జాబితాగా కనబడాలి. శక్తిమేరకు అంటున్నాను, సమానంగా అనడం లేదు. రిటైరైన ఉపాధ్యాయుడు ఇచ్చే 10,000, రైసుమిల్లు యజమాని ఇచ్చే 10 లక్షలకు గౌరవంలో తీసిపోదు. కానీ ఒక్క సభ్యుడు కూడా ఇవ్వకుండా మిగిలితే, "మీరెంత ఇచ్చారు?" అని దాత అడిగినప్పుడు చెప్పడానికి సమాధానముండదు. కన్సల్టెంటు రుసుమును కూడా ఈ దశలోనే, ఆ ఖర్చుకే అని స్పష్టంగా చెప్పి, ఇద్దరు ముగ్గురు సభ్యుల నుంచి విడిగా తీసుకోండి. అప్పుడు హాస్టలుకని వచ్చిన ప్రతి రూపాయీ హాస్టలుకే వెళ్లిందని మీరు ధైర్యంగా చెప్పగలుగుతారు.

తెలుగు దాత మనసు గురించి ఒక మాట చెప్పాలి. మన దగ్గర పెద్ద విరాళాలలో చాలాభాగం తల్లిదండ్రుల పేరిట వస్తాయి. ఇది కీర్తికాంక్ష అని కొందరు చిన్నచూపు చూస్తారు. నేను అలా అనుకోను. తాను చదువుకున్న బడిలో, చదువు రాని తన తల్లి పేరు ఒక గది మీద ఉండాలని కోరుకోవడంలో గొప్ప సంస్కారం ఉంది, ఆ కోరికను గౌరవించే ఏర్పాటు మీ దగ్గర ముందే సిద్ధంగా ఉండాలి. ఏ గదికి ఎంత, ప్రయోగశాలకు ఎంత, భోజనశాలకు ఎంత, శిలాఫలకం ఎంత పరిమాణంలో ఉంటుంది, భవనం పాతబడి కూల్చవలసివస్తే ఆ పేరు ఏమవుతుంది అన్నవి తీర్మానం రూపంలో రాసిపెట్టుకోండి. దాతను బట్టి ధర మారిందన్న మాట రాకూడదు. బంగారు పతకాలు, బహుమతుల శాశ్వత నిధుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒకప్పుడు 10,000 రూపాయల డిపాజిట్‌తో పెట్టిన బహుమతికి ఇప్పుడు ఏడాదికి ఆరేడు వందల వడ్డీ వస్తుంది, పతకం మాత్రం ఏటా ఇవ్వాలి. కొత్తగా తీసుకునే నిధులకు కనీస మొత్తాన్ని నిర్ణయించండి. వడ్డీ చాలనప్పుడు ఇతర బహుమతులతో కలిపే అధికారం సంస్థకు ఉంటుందని ఒప్పందపత్రంలో రాయించండి.

పెద్ద మొత్తాన్ని ఒకేసారి అడగవలసిన అవసరం కూడా లేదు. ఇప్పటి ఒడిశాలోని జయపురం సంస్థానపు మహారాజా విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల వంతున ఇచ్చారు. ఏటా వస్తుందన్న భరోసా సంస్థకు ఎంత బలమో ఆ ఉదాహరణ చెబుతుంది. నెలకు 25,000 పక్కన పెట్టగలిగిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మూడేళ్లలో 9 లక్షలు అడగవచ్చు. అదే 9 లక్షలు ఇప్పుడే ఇమ్మంటే ఆయన వెనక్కి తగ్గుతారు. వాగ్దానాన్ని కాగితం మీద తీసుకుని, ప్రతి విడతకూ ముందుగా పని ఎంతవరకు వచ్చిందో ఫోటోలతో తెలియజేయండి.

అమెరికాలో ఉన్న మీ పూర్వ విద్యార్థుల గురించి అడిగారు. ఇక్కడే చాలా సంస్థలు తెలియక చిక్కుల్లో పడతాయి. భారత పౌరసత్వం ఉన్నవారు, అక్కడ హెచ్‌1బి మీద ఉన్నా గ్రీన్ కార్డు మీద ఉన్నా, తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. వారి భారత పాస్‌పోర్టు ప్రతిని మాత్రం ఫైలులో ఉంచుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా, హైదరాబాదులోని తమ ఖాతా నుంచి రూపాయలలోనే ఇచ్చినా, చట్టం దృష్టిలో విదేశీ దాతలు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా వారి సొమ్ము తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్‌కు సంస్థ కనీసం మూడేళ్లుగా పనిచేస్తూ, ఆ మూడేళ్లలో తన ప్రధాన కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చుచేసి ఉండాలి. 2020 సవరణ తరువాత విదేశీ సొమ్ము న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే మొదట రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం మించకూడదు, ఒక సంస్థ తాను అందుకున్న విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదిలీ చేయకూడదు. కనుక "మా దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది, మా ద్వారా తెప్పించుకోండి" అని పక్క ఊరి సంస్థ స్నేహంగా చెప్పినా ఒప్పుకోకండి.

అమెరికాలోని దాతకు అక్కడి పన్ను మినహాయింపు కావాలంటే అక్కడ నమోదైన ధర్మసంస్థ ద్వారానే ఇవ్వవలసి ఉంటుంది. ఉద్యోగి ఇచ్చినంత తామూ జతచేసే కంపెనీలు కూడా సాధారణంగా అలాంటి సంస్థలకే ఇస్తాయి. ఆ సంస్థ నుంచి మీకు వచ్చేదీ విదేశీ విరాళమే. అందువల్ల మీ జాబితాలోని పెద్ద పేర్లలో అమెరికా పౌరులు ఎక్కువగా ఉంటే, రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఈ నెలలోనే మొదలుకావాలి. అక్కడి తెలుగు సంఘాలైన తానా, ఆటా మహాసభల సమయంలో మీ పూర్వ విద్యార్థులు ఒకచోట చేరతారు; అక్కడ వారిని కలవడానికి వెళ్లండి, సంస్థ కబుర్లు చెప్పండి, విరాళం మాట మాత్రం ఆ హడావిడిలో ఎత్తకండి.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల మీద మీ కార్యవర్గం పెట్టుకున్న ఆశ కొంత ఎక్కువగా ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, విద్య అందులో ఉంది, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. మీ జిల్లాల్లో చమురు, సహజవాయు రంగ సంస్థలు పనిచేస్తున్నాయి కాబట్టి ప్రయత్నించడం న్యాయమే. అందుకు మీ సంస్థ సీఎస్‌ఆర్-1 నమోదు సంఖ్య (ఈ నిధులు అందుకునే సంస్థలకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చేది) తీసుకోవాలి. కానీ ఫీజులు వసూలుచేసే సంస్థకు భవనం కట్టివ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. పేద కుటుంబాల ఆడపిల్లలకు హాస్టలు అన్న భాగాన్ని విడదీసి, ఎంతమంది పిల్లలు, ఏ మండలాల నుంచి, ఇప్పుడు దూరం వల్ల ఎంతమంది చదువు మానేస్తున్నారు అన్న మీ సొంత రికార్డులతో అడిగితే వినే అవకాశముంది. 2 కోట్లలో పావు వంతుకు మించి దీని మీద ఆధారపడకండి.

దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే 80జి రసీదు చూపిస్తే విరాళాలు వాటంతటవే వస్తాయన్న నమ్మకం కూడా ఇప్పుడు నిలవదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు ఆ మినహాయింపు వర్తించదు, ఉద్యోగులలో ఆ విధానంలోకి వెళ్లినవారు చాలామంది ఉన్నారు. పాత విధానంలో ఉన్నవారికి సాధారణంగా ఇచ్చినదానిలో సగానికే, అదీ ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి వర్తిస్తుంది. 2,000 మించిన నగదుకు వర్తించదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలూ మారాయి కనుక పాత రసీదు పుస్తకాల మీద అచ్చయిన వివరాలను మీ ఆడిటరు గారితో సరిచూడండి.

ఒక హెచ్చరిక. ప్రస్తుత విద్యార్థుల తల్లిదండ్రులను అడ్మిషన్ల రోజుల్లో విరాళం అడగవద్దు. 1983 నుంచి మన రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ఉంది. సీటుతో ముడిపడిన సొమ్ముకు భవననిధి అని పేరు పెట్టినంత మాత్రాన అది విరాళం కాదు, అలా ఒక్కసారి జరిగినా నిజమైన దాతలకు మీ మీద నమ్మకం పోతుంది.

నిర్ణీత రుసుము అడిగినవారితో ఒప్పందం చేసుకునేటప్పుడు ఇవి తప్పక రాయించండి. విరాళం సొమ్ము ఏ పరిస్థితిలోనూ కన్సల్టెంటు ఖాతాలోకి గానీ చేతిలోకి గానీ వెళ్లదు. రసీదు పుస్తకాలు ఆయన దగ్గర ఉండవు. దాతల వివరాలు సంస్థవే, ఒప్పందం ముగిశాక ఆయన ప్రతి ఉంచుకోరు. రుసుము దశలవారీగా, ఒక్కొక్క దశ నివేదిక అందిన తరువాతే. ఇరుపక్షాలలో ఎవరైనా నెల రోజుల నోటీసుతో విరమించుకోవచ్చు. మీ కార్యాలయంలో ఒకరిని పూర్తికాలం ఈ పనికి కేటాయించి, ఆయనకు శిక్షణ ఇవ్వడం కన్సల్టెంటు బాధ్యతగా చేర్చండి. విరాళం అందిన రెండు రోజుల్లో కరస్పాండెంటు సంతకంతో కృతజ్ఞతా లేఖ వెళ్లడం, ఆరునెలలకొకసారి ఖర్చు వివరం పంపడం, హాస్టలులో చేరిన అమ్మాయిల చేత దాతకు ఉత్తరం రాయించడం ఆ ఉద్యోగి చూసుకోవాలి. కన్సల్టెంటు వెళ్లిపోయాక కూడా ఈ పని నడవాలి.

వచ్చే కార్యవర్గ సమావేశానికి ముందు రెండో కన్సల్టెంటుకు ఒక ఉత్తరం రాయండి. ఆయన పనిచేసిన రెండు విద్యాసంస్థల కరస్పాండెంట్లతో మాట్లాడే వీలు కల్పించమని, అందులో కనీసం ఒకటి లక్ష్యం చేరని సంస్థ కావాలని అడగండి. మొత్తం ఒప్పందం కాకుండా ముందు అధ్యయనం వరకే చేస్తారా అని కూడా అడగండి. అభ్యంతరం లేకుండా రెండింటికీ ఒప్పుకుంటే సమావేశానికి పిలవండి.